భోషాణం నించి బీరువా దాకా

ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకి ఈ మధ్య ఒక కొత్త సరదా పట్టుకుంది. వుడ్‌వర్క్ అయిపోయి, మాడ్యులర్ కిచెన్ వచ్చేసి, గృహప్రవేశం భోజనాలు కూడా అయ్యాక హాల్లో ఒక మూల బోసిగా కనిపిస్తుంది. అక్కడ "యాంటిక్ పీస్" ఒకటి పడితే అదిరిపోతుంది అనిపిస్తుంది. ఇక శనాదివారాలు వేట మొదలు. ఎక్కడో ఇత్తడి పట్టీలు కొట్టిన పెట్టె ఒకటి కంటపడుతుంది. కొట్టువాడు "రెండొందల ఏళ్ళ నాటిది సార్, జమీందారు గారింట్లోది, ప్యూర్ బర్మా టేకు" అంటాడు. మనం బేరం ఆడినట్టు నటిస్తాం, అతను తగ్గించినట్టు నటిస్తాడు. పెట్టె ఇంటికొస్తుంది. దాని మీద వైఫై రౌటరు పెడతాం.

ఇంచుమించు అదే రోజుల్లో ఊళ్ళో తాతగారి ఇల్లు పడగొట్టడానికి మాటలు నడుస్తుంటాయి. ఆ ఇంట్లో ఉన్న భోషాణాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ తోచదు. ముగ్గురు అన్నదమ్ములకీ మూడు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు. దేంట్లోనూ అది పట్టదు. చివరికి పాత కలప కొనేవాడు వచ్చి, దాన్ని విడగొట్టి, చెక్కల లెక్కన డబ్బులిచ్చి పట్టుకుపోతాడు. ఆ చెక్కలే ఎక్కడో పాలిష్ పట్టి, ఇత్తడి పట్టీలు కొట్టించుకుని "రెండొందల ఏళ్ళ నాటి పెట్టె"గా మనకే తిరిగి వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

కొన్నవాళ్ళనీ అమ్మినవాళ్ళనీ ఆడిపోసుకోడానికి కాదు ఈ టపా. నా గోల వేరే. పాత సామాను ఎంచుకునేటప్పుడు అందరూ రెండే ప్రశ్నలు అడుగుతారు: ఎన్నేళ్ళది? ఎంతకిస్తావు? మూడో ప్రశ్న ఎవరూ అడగరు: ఇది ఏం దాచడానికి పుట్టింది, ఎవరి నించి దాచడానికి పుట్టింది? లెగసీ సిస్టమ్ మీద పనిచేసిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. పాత కోడ్ చూసి "ఎవడ్రా ఇంత దరిద్రంగా రాసింది" అని మొదట తిట్టుకుంటాం. నెల రోజులు తవ్వాక అర్థమవుతుంది, ఆ రోజున్న పరిస్థితుల్లో అది చాలా తెలివైన పరిష్కారమని. పెట్టెలూ బీరువాలూ కూడా అంతే. ప్రతిదాని వెనకా ఒక రిక్వైర్‌మెంట్ ఉంది. ఆ రిక్వైర్‌మెంట్ చరిత్రలో ఉంది.

అసలు మన పాత ఇళ్ళల్లో దాచుకునే సామాను అంటూ విడిగా పెద్దగా ఉండేది కాదు. ఇల్లే దాచుకునేది. దీపానికీ పుస్తకానికీ గోడలో గూడు. పాలూ పెరుగూ పిల్లి నోట పడకుండా ఉట్టి. ఏడాది పొడుగునా వాడే చింతపండూ ఆవకాయ జాడీలూ అటక మీద. ధాన్యానికి గాదె, గరిసె, లేదంటే నేలలో పాతర. బట్టలు దండెం మీద. కదిలే సామాను అంటూ ఉంటే మంచం, పీట, పెట్టె. అంతే.

ఆ పెట్టెల్లో పెద్దన్నయ్య భోషాణం. నడుం ఎత్తు, మనిషి పడుకునేంత పొడవు, దళసరి చెక్కలు, పైన మూత, ముందు పెద్ద గొళ్ళెం, తాళంకప్ప. మన భాషలో చెప్పాలంటే భోషాణం ఒక స్టాకు. ఆఖర్న పెట్టింది ముందు వస్తుంది. అడుగున ఉన్నది కావాలంటే పైనున్నదంతా తియ్యాల్సిందే. రోజూ వాడే వస్తువులకి ఇంతకన్నా చెత్త డిజైను ఉండదు. కానీ అది రోజూ వాడే వస్తువుల కోసం కాదు కదా! పెళ్ళిళ్ళకీ తద్దినాలకీ తీసే గుండిగలు, గంగాళాలు, పట్టుబట్టలు, వెండి కంచాలు, పొలం దస్తావేజులు, నాలుగు నగలు. ఏడాదికి ఏ మూడు నాలుగు సార్లో తెరిచే ఆర్కైవ్ అది. మూత తెరవడం కష్టం అవడమే దాని గొప్పదనం.

సెక్యూరిటీ కూడా చూడండి. మొదటిది బరువు. ఖాళీది కదపాలంటేనే నలుగురు కావాలి, నిండుది దొంగ ఎత్తుకుపోలేడు. రెండోది, దాని మీద పక్క వేసుకుని ఇంటిపెద్ద పడుకునేవాడు. మూత తెరవాలంటే ముందు ఆయన్ని లేపాలి. మూడోది, కొన్నిటి లోపల ఒక రహస్యపు అర. నాలుగోది తాళంచెవులు. ఆ గుత్తి ఎవరి నడుముకి వేలాడితే వాళ్ళదే ఇంటి పెత్తనం. అత్తగారి నడుము నించి కోడలి నడుముకి ఆ గుత్తి మారడమంటే ఈ కాలంలో అడ్మిన్ పాస్‌వర్డ్ చేతికివ్వడమే. అది మారకుండానే ఎన్నో కోడళ్ళ జీవితాలు గడిచిపోయాయి. కాబట్టి భోషాణాన్ని చూసి "ఆహా ఆ రోజులు" అని నిట్టూర్చేముందు, దానికి తాళం కూడా ఉండేదని, ఆ తాళం ఇంట్లోవాళ్ళ మీద కూడా పనిచేసేదని గుర్తుపెట్టుకుంటే మంచిది.

సరే, చెక్క సంగతి. అమ్మేవాళ్ళందరూ "బర్మా టేకు" అని ఎందుకంటారు? ఊరికే కాదు. 1852లో జరిగిన రెండో ఆంగ్లో-బర్మా యుద్ధంతో రంగూన్ సహా దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1885లో మూడో యుద్ధంతో మిగిలిందీ పోయింది. ఆ మూడో యుద్ధానికి సాకు ఏంటో తెలుసా? టేకు. బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ అనే కంపెనీ లెక్కకన్నా ఎక్కువ దుంగలు కొట్టుకుపోయిందని థీబా రాజు కొలువు జరిమానా వేసింది. ఆ గొడవ పట్టుకుని ఇంగ్లీషువాళ్ళు మాండలే మీదికి సైన్యాన్ని పంపారు. రాజుని పట్టుకెళ్ళి రత్నగిరిలో పెట్టారు. టేకు దుంగలు మాత్రం బంగాళాఖాతం దాటి వస్తూనే ఉన్నాయి.

ఓడలు ఒకవైపు కలప తెస్తే రెండోవైపు మనుషుల్ని తీసుకెళ్ళాయి. ఉత్తరాంధ్ర నించి, గోదావరి జిల్లాల నించి వేలమంది "రంగం" వెళ్ళారు. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో కూలీలుగా పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళకి "కోరంగీలు" అన్న పేరు పడింది. అది గౌరవంగా పిలిచే పేరు కాదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్ళు పనిలోకి వెళ్ళేసరికి గొడవలు రేగాయి, చాలామంది చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక మిగిలినవాళ్ళలో ఎంతోమంది కాలినడకన అడవులు దాటుకుంటూ వెనక్కి వచ్చారు. దారిలో పోయినవాళ్ళు పోయారు. కాబట్టి మీ పెట్టె నిజంగానే బర్మా టేకుదైతే అందులో యుద్ధం ఉంది, వలస ఉంది, మనవాళ్ళ చెమట కూడా ఉండొచ్చు. "ప్యూర్ బర్మా టేకు" అన్న ముక్కకి అసలు బరువు అదీ.

అయితే ప్రతి పాత పెట్టే బర్మా టేకు కాదు. మన ఏజెన్సీ అడవుల టేకు కూడా దుంగలుగా గోదావరి మీద తేలుతూ రాజమండ్రి దాకా వచ్చేది. పైగా టేకు కొనలేని ఇళ్ళల్లో వేప, పనస, మద్ది, మామిడి, ఏది దొరికితే దాంతో చేయించుకున్నారు. వేప పెట్టె అని ముఖం ముడుచుకోవక్కర్లేదు. అసలు చూడాల్సింది చెట్టు పేరు కాదు, చేవ. టేకైనా సరే, చెట్టు నడిమి భాగమైన చేవనే చెద అంత త్వరగా ముట్టదు. బెరడు పక్కన ఉండే తెల్లచెక్కకి ఆ రక్షణ లేదు. "వాడిలో చేవ ఉందిరా" అని మన పెద్దవాళ్ళు మనుషుల్ని మెచ్చుకున్నది ఈ వడ్రంగం మాటతోనే.

ఇప్పుడు బీరువా దగ్గరికొద్దాం. ఈ మాట ఎక్కడిదనుకున్నారు? ఫ్రెంచివాళ్ళ "బ్యూరో". మొదట్లో అది బల్ల మీద పరిచే ముతకగుడ్డ పేరు. తర్వాత ఆ బల్లకే పేరైంది. ఆ తర్వాత బల్ల ఉన్న గదికి, ఆఫీసుకి పేరైంది. బ్యూరోక్రసీ అన్నది అక్కడి నించి పుట్టిందే. ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్ళి, అక్కడి నించి మన దాకా వచ్చేసరికి "బీరువా" అయింది. అమెరికాలో బ్యూరో అంటే సొరుగుల బల్ల. మనకి తలుపుల బీరువా. మాట ఒకటే, సామాను వేరే. తెలంగాణలో ఎక్కువగా వినిపించే "అల్మారా"ది ఇంకో ప్రయాణం. పోర్చుగీసు వాళ్ళ "అర్మారియో" అది. దాని మూలం లాటిన్. మొదట ఆయుధాలు దాచే చోటని అర్థం. కత్తులు దాచిన చోట మనం చీరలు దాచుకుంటున్నాం. ఇక "సందుగ" అరబ్బీ సందూక్. అంటే దాచుకునే ఇంటి సామాను పేర్లలో మూడు మూడు సముద్రాల మీద నించి వచ్చాయన్నమాట. "పెట్టె" ఒక్కటీ మన సొంతం.

బ్యూరోలు మన గడ్డ మీదే తయారయ్యాయంటే నమ్ముతారా? 18వ శతాబ్దంలో విశాఖపట్నం దీనికి పేరుమోసిన ఊరు. కంపెనీ దొరలు ఇంగ్లండు నించి తెచ్చుకున్న నమూనాలు ఇస్తే, అక్కడి కంసాలులు జిట్రేగి చెక్కలో ఏనుగుదంతం పొదిగి బ్యూరోలు, అద్దాల పెట్టెలు, కుర్చీలు చేసేవాళ్ళు. తర్వాత తర్వాత గంధపు చెక్క మీద దంతపు రేకులు మొత్తంగా తాపడం చేసి, వాటి మీద సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవాళ్ళు. దూరం నించి చూస్తే తెల్లకాగితం మీద సిరాతో వేసిన బొమ్మలా ఉంటుంది. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ చనిపోయాక 1781లో ఆయన సామాను వేలం వేస్తే, మూడో జార్జి రాజు అందులోని దంతపు సామాను కొని రాణి షార్లెట్‌కి ఇచ్చాడు. అవి ఇప్పటికీ ఇంగ్లండు రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కూడా విశాఖ పనితనం చూడొచ్చు. చేసినవాళ్ళ పేర్లు మాత్రం మనకి మిగల్లేదు. కొన్న దొరల పేర్లు మిగిలాయి. రిలీజ్ నోట్స్‌లో క్లయింటు పేరు ఉండి డెవలపర్ పేరు లేకపోవడం కొత్తేమీ కాదు.

అంతా చదివి ఇప్పుడు విశాఖ దంతపు పెట్టె కోసం వెతుకులాట మొదలెట్టకండి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1986లో, 1991లో వచ్చిన సవరణలు కలిసి ఏనుగుదంతం వ్యాపారాన్ని పూర్తిగా మూసేశాయి. పాతదైనా సరే అమ్మడం, కొనడం నేరం. బ్రిటన్‌లో 2018లో చేసిన దంతం చట్టం 2022 నించి అమల్లోకి వచ్చింది. అక్కడ కొద్ది మినహాయింపులు తప్ప పాత దంతపు సామాను కూడా అమ్మకూడదు. మ్యూజియంలో చూసి ఆనందించడమే మార్గం. అది మంచిదే.

పెట్టె నించి అల్మారాకి మారడం ఊరికే ఫ్యాషన్ మారడం కాదు. పెట్టెలో బట్టలు మడతపెట్టాలి, అల్మారాలో తగిలించొచ్చు. పంచె, చీర మడతకి పుట్టిన బట్టలు. కోటు, షేర్వాణీ మడతపెడితే పాడైపోతాయి. కుట్టిన బట్టలు ఎక్కువయ్యేకొద్దీ నిలువుగా తెరిచే సామాను అవసరమైంది. స్టాకు పోయి ర్యాండమ్ యాక్సెస్ వచ్చింది. ఈ మార్పు పిచ్చి ముదిరితే ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్‌లో పురానీ హవేలీకి వెళ్ళండి. అక్కడ నిజాం మ్యూజియంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869-1911) వార్డ్‌రోబ్ ఉంది. పొడవు దాదాపు 176 అడుగులు. రెండు అంతస్తులు. పైకి వెళ్ళడానికి చేత్తో తిప్పే లిఫ్టు. అంతా బర్మా టేకు. వేసిన బట్ట మళ్ళీ వేసేవాడు కాదని చెప్పుకుంటారు. ఆయన కొడుకు ఏడో నిజాం దానికి రివర్సు. 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా ఎక్కిన మనిషి, ఇంట్లో మాత్రం వెలిసిపోయిన షేర్వాణీ, పాత టోపీతో తిరిగాడంటారు. ఒకే కుటుంబం, ఒకే ఖజానా. తండ్రికి 176 అడుగులు చాల్లేదు, కొడుక్కి ఒక కొక్కెం సరిపోయింది. మన ఫ్లాట్‌లో వార్డ్‌రోబ్ ఎంత పెద్దది కావాలో ఇంటీరియర్ డిజైనర్‌ని అడిగేముందు ఈ కథ ఒకసారి తలుచుకోవచ్చు.

మరి భోషాణాన్ని చంపిందెవరు? నా మటుకు నేను 1923 అంటాను. తాళాలు చెయ్యడానికి 1897లో మొదలైన గోద్రెజ్ కంపెనీ, తర్వాత ఇనప్పెట్టెలు చేసి, 1923లో స్టీలు బీరువాలు మొదలుపెట్టింది. సరిగ్గా అదే 1923లో, నవంబరులో, మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు. రెంటికీ ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేదు. కానీ భోషాణం చేసే పనిని రెండూ కలిసి పంచేసుకున్నాయి. నగలూ డబ్బూ దస్తావేజులూ మెల్లిగా బ్యాంకుకి వెళ్ళిపోయాయి. పట్టుచీరలు స్టీలు బీరువాలోకి వెళ్ళాయి. ఇది ఒక్క రోజులో జరగలేదు. 1969లో 14 బ్యాంకులు, 1980లో ఆంధ్రా బ్యాంకుతో సహా మరో 6 జాతీయమయ్యాక గానీ బ్యాంకు చాలా ఊళ్ళ దాకా రాలేదు. ఈలోగా ఇత్తడి గుండిగలు ఇచ్చేసి స్టీలు గిన్నెలు కొనుక్కోవడం మొదలైంది. భోషాణం లోపల ఏమీ మిగల్లేదు. పాత దుప్పట్లు, విరిగిన బొమ్మలు, ఎవరూ చదవని పంచాంగాలు. ఆంధ్రా బ్యాంకు కూడా 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. భోషాణాన్ని ఖాళీ చేసినవాళ్ళు కూడా చరిత్రలో కలిసిపోయే రోజు వచ్చిందన్నమాట.

ఇక్కడే నేను చాలామందితో విభేదిస్తాను. పాత సామాను అంటే చెక్కే అనుకుంటారు. మన మధ్యతరగతి ఇంటికి అసలైన వారసత్వం స్టీలు బీరువా. ఏ కంపెనీ బీరువానైనా "గోద్రెజ్ బీరువా" అని పిలిచేంతగా ఆ పేరు మన భాషలో కలిసిపోయింది. పెళ్ళికూతురితోపాటు అత్తారింటికి వెళ్ళి, లారీలు ఎక్కి, అద్దె ఇళ్ళు మారి, సొట్టలు పడినా తలుపు మాత్రం సరిగ్గా పడేది. హైదరాబాద్‌లో 1942లో పెట్టిన ఆల్విన్ కంపెనీ కూడా స్టీలు సామాను చేసింది. మన దేశం మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగినప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టారు. చదువు రానివాళ్ళు గుర్తు చూసి ఆ పెట్టెలో చీటీ వెయ్యాలి. అందుకని లక్షల కొద్దీ స్టీలు పెట్టెలు కావాల్సొచ్చాయి. గోద్రెజ్ ఒక్కటే బొంబాయి విఖ్రోలీలో 12 లక్షలకి పైగా చేసింది. చేసిన కంపెనీల్లో మన ఆల్విన్ కూడా ఉంది. అంటే చీరలు దాచే బీరువాలు చేసిన చేతులే ఓట్లు దాచే పెట్టెలూ చేశాయి. మా తరం ఇళ్ళల్లో అమ్మ పెళ్ళినాటి బీరువా ఉంటే దానికి కాస్త తుప్పు గీకించి, రంగు వేయించి పెట్టుకోండి. ఏ జమీందారు పెట్టెకీ తీసిపోదు.

ఇంతా విన్నాక "సరే గురూ, కొనాలంటే ఏం చూడాలి?" అంటారా. నాలుగు మాటలు చెప్తాను.

మొదటిది, వయసు అబద్ధం చెప్పినా మేకులు చెప్పవు. ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూలు 1930లలో వచ్చాయి. రెండొందల ఏళ్ళ పెట్టెకి అవి ఉన్నాయంటే కనీసం ఆ భాగం మార్చారని అర్థం. సన్నటి తీగ మేకులు బాగా వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. సొరుగు బయటికి లాగి వెనకా అడుగునా చూడండి. చేతిరంపం గీతలు నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. మిల్లు చక్రపు రంపం గీతలు వంపు తిరిగి ఉంటాయి. మూలల్లో వేళ్ళలో వేళ్ళు పెనవేసినట్టుండే అతుకులు అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో ఉంటే అది మిషను పని. కాలం చెక్కని ఒక్కచోటే అరగదీస్తుంది, చెయ్యి పడే చోట. పెట్టె అంతా సమానంగా అరిగి, సమానంగా నల్లబడి ఉంటే అరగదీసింది కాలం కాదు, గరుకు కాగితం.

రెండోది, కొత్తగా చేసిన పాత సామాను గురించి. జోధ్‌పూర్‌లో పాత నమూనాల సామాను చేసి ఎగుమతి చెయ్యడం పెద్ద పరిశ్రమ. అదేం తప్పు కాదు. పనితనం బాగానే ఉంటుంది. కొత్తదని చెప్పి కొత్త ధరకి అమ్మితే హాయిగా కొనుక్కోవచ్చు. పాతదని చెప్పి అమ్మితేనే పేచీ. నిజమైన పాతవి కావాలంటే కారైక్కుడి వెళ్ళండి. చెట్టియార్లు కూడా బర్మా వ్యాపారంతోనే మేడలు కట్టారు, అదే టేకు తెచ్చారు. వారసులు పంచుకున్నాక ఆ సామాను మునీశ్వరన్ కోవిల్ వీధి కొట్లలోకి చేరింది. కొచ్చిలో మట్టాంచేరి ఉంది. మన హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్ ఉంది. అక్కడ మాత్రం కళ్ళు తెరుచుకుని నడవాలి.

మూడోది, పిల్లలున్న ఇంటికి. ఇది నవ్వులాట కాదు. భోషాణం మూత పిల్లల వేళ్ళ మీద పడితే చాలా ప్రమాదం. మూత మధ్యలో ఆగేలా కొత్త స్టే బిగించండి, గొళ్ళెం తీసెయ్యండి. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో ముఖ్యమైన విషయం. అక్కడ పాత సామాన్ల కొట్లలో లేన్ కంపెనీ దేవదారు పెట్టెలు విరివిగా దొరుకుతాయి. 1912 నించి 1987 దాకా చేసినవాటికి మూత పడగానే దానంతటదే తాళం పడిపోయే ఏర్పాటు ఉంది, లోపల నించి తెరవలేరు. దాక్కునే ఆటలో లోపలికి దూరి ఊపిరాడక పిల్లలు చనిపోయారు. 1996లో దాదాపు 1 కోటి 20 లక్షల పెట్టెల తాళాలు వెనక్కి పిలిచారు. తాళం మార్చని పెట్టెలు ఇంకా ఇళ్ళల్లో ఉన్నాయి. చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటే ముందు ఆ తాళం పీకేసి తర్వాత మాట్లాడండి. అలాగే పాత రంగు వేసిన సామాను. అమెరికాలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. మన దేశంలో గట్టి పరిమితి అమల్లోకి వచ్చింది 2017లోనే. పెచ్చులు లేస్తున్న పాత రంగు పసిపిల్లల నోటికి అందకూడదు. ఇంట్లో కూర్చుని గరుకు కాగితంతో గీకడం కూడా వద్దు.

నాలుగోది, తాతగారి పెట్టెని డల్లాస్‌కో సియాటెల్‌కో తీసుకెళ్దామనుకునేవాళ్ళకి. 1972 నాటి పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ నించి అమల్లో ఉంది. నూరేళ్ళు దాటిన కళావస్తువులూ పనితనపు వస్తువులూ దాని ప్రకారం పురావస్తువులు. వాటిని మామూలు మనుషులు దేశం దాటించకూడదు, అది సొంత తాతగారిదైనా సరే. నూరేళ్ళు కాలేదనుకుంటే పురావస్తు శాఖ నించి ఇది పురావస్తువు కాదని పత్రం తీసుకుని పంపొచ్చు. జిట్రేగి జాతి చెక్క మీద 2017 నించి అంతర్జాతీయ ఆంక్షలు కూడా ఉన్నాయి, పర్మిట్లు చూసుకోండి. కంటెయినర్‌లో పడేసి "ఏముందిలే" అనుకునే వ్యవహారం కాదిది. జైలుశిక్ష ఉన్న నేరం.

చివరగా నా అభిప్రాయం. పాత సామాను కొనడం తప్పు కాదు, కానీ మొదటి వేట మన సొంత ఇంట్లో జరగాలి. ఊళ్ళో ఇల్లు అమ్మేముందు ఒక వడ్రంగి మేస్త్రీని తీసుకెళ్ళండి. భోషాణం గుమ్మంలో పట్టదంటే అది గదిలోనే బిగించిందై ఉంటుంది. బిగించింది విప్పొచ్చు. చెక్కలో చెక్క దూర్చి కొట్టిన అతుకులకి ఆ గుణం ఉంది. మళ్ళీ బిగిస్తే మళ్ళీ నిలబడుతుంది. రెండు ఫ్లాట్‌లకి పట్టకపోతే దాని చెక్కతో ఒక దివాను చేయించండి, మనవరాలికి పుస్తకాల అల్మారా చేయించండి. చెక్కకి అవమానమేమీ ఉండదు. దుంగ నించి పెట్టె అయింది, పెట్టె నించి అల్మారా అవుతుంది. కానీ విప్పేముందు ఒక ఫోటో తియ్యండి. కొలతలు రాసుకోండి. ఇంట్లో మిగిలిన పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఇందులో ఏం దాచేవాళ్ళు, తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది, ఎవరికి ఇవ్వలేదు అని అడిగి రాసుకోండి. డాక్యుమెంటేషన్ లేని లెగసీ సిస్టమ్ ఎంత నరకమో మనకి వేరే చెప్పాలా?

కొట్టువాడు చెప్పే జమీందారు కథ పెట్టెతోపాటు ఫ్రీగా వస్తుంది. మన ఇంటి కథ చెప్పేవాళ్ళు మాత్రం ఎనభైల్లో ఉన్నారు. పెట్టె ఇంకో వందేళ్ళు ఆగుతుంది. వాళ్ళు ఆగరు.

మీ ఊళ్ళో భోషాణాన్ని ఏమనేవాళ్ళు? మీ ఇంట్లో తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది?